మోకాలి కింద రెండు వేళ్లు

మొన్న ఆదివారం పొద్దున మా ఎదురు ఫ్లాట్లో పనిచేసే అమ్మాయి తలుపు కొట్టింది. చేతిలో పసుపుపచ్చ గుడ్డ, చున్నీకి వరసగా గుచ్చుకున్న గుండుసూదులు. గోదావరి జిల్లా పిల్ల. నేనూ ఆ వైపుదాన్నే కాబట్టి నా దగ్గర కాస్త చనువు.

“అమ్మగారూ, మీ పాపని ఒక్క అయిదు నిమిషాలు నిలబెడతారాండీ? మా పాపదీ ఇదే ఈడండి. ఈ పాప మీద కొలత చూసుకుని గౌను కుట్టి పంపుదామని.”

“రోజూ వీడియోలో చూస్తావు కదా మీ పాపని?” అన్నాను.

“ఆయ్, చూత్తానండి. ఫోన్లో మొహమే కనపడతదండి. ఎంత ఎదిగిందో ఏం తెలుత్తదండి?”

ఆ మాటలు విని మా అమ్మాయి చదువుతున్న పుస్తకం సోఫాలో పడేసి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ పక్కలకి చాపి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడింది. దానికి తొమ్మిదేళ్లు. అలా నిలబడ్డ దాన్ని చూసేసరికి నాకు ఒళ్లు మండింది.

“చేతులు దించు!” అని అరిచాను.

పాపం, పనమ్మాయి మొహం చిన్నబోయింది. గుడ్డని వెనక్కి దాచుకుంది. నాకే సిగ్గేసి, “రేపు సాయంత్రం రామ్మా, రేపు చూద్దాం” అని తలుపేసి, వంటింట్లోకి వెళ్లి ఊరికే కొళాయి తిప్పుకుని నిలబడ్డాను.

నేను అరిచింది మా అమ్మాయి మీద కాదు. అదే వయసులో, అచ్చం అలాగే చేతులు చాపి నిలబడ్డ ఇంకో పిల్ల మీద. ఆ పిల్లని నేనే. తలకి రంగు వేసుకునే వయసొచ్చాక కూడా దాన్ని తలుచుకుంటే నాకు మొహం చెల్లదు.

షార్జా రోలాలో ఇప్పుడు డబ్బులు కట్టి కార్లు నిలుపుకునే ఒక ఖాళీ స్థలం ఉంది. మా వీధి అక్కడే ఉండేది. వీధంటే ఎంతనుకున్నారు? పాతబడ్డ ఆరు విల్లాలు, మలయాళీ చేటా నడిపే బక్కాలా కొట్టు, పక్కనే పఠాను రొట్టెల పొయ్యి. అంతే. ఒక్కో విల్లాని ప్లైవుడ్ చెక్కలతో గదులు గదులుగా కోసి అద్దెకిచ్చేవాళ్లు. మా విల్లాలో అయిదు సంసారాలు, మెట్ల పక్క గదిలో ఇళ్లల్లో పనిచేసే నలుగురు ఆడవాళ్లు, మిద్దె మీద ఇటుకల ఫ్యాక్టరీ కూలీలు. అందరికీ కలిపి రెండు స్నానాల గదులు, ఒక వంటిల్లు, ఒక వాకిలి. ఒక ఇంట్లో తుమ్మితే ఇంకో ఇంట్లో “చిరంజీవ” అనేవాళ్లు.

కిటికీ ఏసీల కింద వరసగా బకెట్లు ఉండేవి. వాటిలో బొట్టు బొట్టుగా పడే నీళ్లు బట్టలుతకడానికి. ఏ బకెట్టు ఎవరిదన్న దాని మీద రోజూ ఒక తగువు. పొద్దున రొట్టెల వాసన, మధ్యాహ్నం డీజిలు వాసన, శుక్రవారం మాత్రం ఎండురొయ్యల వాసన. ఆ చివరిది మా అమ్మ పుణ్యం. పక్క విల్లాలోని పాకిస్తాను డ్రైవరు ముక్కు మూసుకుని హిందీలో అందరినీ తిట్టేవాడు. ఒకసారి అమ్మ గిన్నెలో కాస్త కూర పంపింది. ఆ తర్వాత శుక్రవారం వాసన రాకపోతే, “భాభీ, ఆజ్ నహీ బనాయా?” అని గోడ మీంచి అడిగాడు.

నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డింగ్ పని చేసేవాడు. అమ్మ మూడిళ్లలో వంట చేసేది. నేను ఇంట్లో ఒక్కదాన్నే, కాబట్టి వీధంతా నాదే.

అప్పటికి కువైట్ యుద్ధం అయిపోయి నాలుగేళ్లు. మా వీధిలో మాత్రం అది ఇంకా జరుగుతూనే ఉండేది. గ్యాసు బాంబులు పడతాయని ఎవరో చెబితే నాన్న కిటికీ అద్దాలకి అంటించిన టేపు ఎండకి కాలిపోయి, ఎంత గీకినా జిగురు గీతలు పోలేదు. మంచం కింద ఒక బియ్యం బస్తా ఎప్పుడూ ఉండాల్సిందే. పిల్లలం టీవీ అట్టపెట్టెల్లో దూరి యుద్ధం ఆట ఆడుకునేవాళ్లం. ఆ ఆట కనపడితే చాలు, మెట్ల పక్క గదిలోంచి ఒకామె చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది.

ఆమే మా కువైట్ పిన్ని. నాకు చుట్టమేమీ కాదు. అమ్మ వాళ్ల ఊరికి మూడు బస్సుల దూరంలో ఆమె ఊరు, అదే చుట్టరికం. కువైట్‌లో ఇంటిపని చేస్తుండగా యుద్ధం వచ్చి, యజమానులు కార్లెక్కి పారిపోతే, దొరికిన బస్సెక్కి, ఎడారిలో గుడారాల్లో రోజులు గడిపి, ఎలాగో బొంబాయి విమానమెక్కి, ఒక ప్లాస్టిక్ సంచీతో ఇల్లు చేరింది. అప్పటికి కూతురికి అయిదేళ్లు. తల్లిని చూసి ఎవరో అనుకుని ఏడ్చి పారిపోయిందట. భర్త పోయాడు. కూతురు కాస్త దగ్గరవుతుందనగా, నాలుగు నెలలకే మళ్లీ బయల్దేరాల్సి వచ్చింది. ఈసారి షార్జా. పిల్లని మరిది ఇంట్లో వదిలింది.

యుద్ధం పోయినా పిన్ని గది తలుపు వెనక ఒక సంచీ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అందులో ఒక చీర, టార్చిలైటు, పాస్‌పోర్టు జిరాక్సు, రెండు రస్కుల పొట్లాలు. నెలకోసారి రస్కులు మార్చి పాతవి మాకు పంచేది. వాటిని మేము యుద్ధం రస్కులనేవాళ్లం. నాకు నెలాఖరు దాకా ఆగే ఓపిక ఉండేది కాదు. ఎవరూ లేనప్పుడు పొట్లం అడుగున చిల్లు పెట్టి ఒక్కోటీ లాగేదాన్ని. ఖాళీ పొట్లం చూసి పిన్ని ఎలుకలనుకుంది. బక్కాలాలో బోను కొనుక్కొచ్చి పెట్టింది. ఆ బోనులో ఎర కూడా రస్కే. అదీ నేనే తిన్నాను.

మిద్దె మీద ఉండే కరీంనగర్ తాత శుక్రవారం వాకిట్లో నూనె డబ్బా బోర్లించుకుని కూర్చుని అందరికీ జుట్టు కత్తిరించేవాడు. ఆయన పిన్నిని ఆటపట్టించేవాడు.

“ఏమమ్మా, గీ రస్కులు పట్టుకొని యుద్ధం గెలుస్తవా?”

“గెలవడానికి కాదు బాబాయ్, ఎడారిలో నవలడానికి” అనేది పిన్ని.

ఆ ఏడు ఎండాకాలం సెలవులకి అమ్మా నేనూ ఊరు బయల్దేరాం. నాన్నకి సెలవు దొరకలేదు. ఎవరైనా ఊరెళ్తున్నారంటే విల్లా మొత్తం పార్సిళ్లు తెచ్చి వాళ్ల గదిలో పడేయడం మా దగ్గర మామూలే. సబ్బులు, పాలపొడి డబ్బాలు, పౌడరు, టార్చిలు, జండూబాములు. కాదంటే మనిషే కాదన్నట్టు చూసేవాళ్లు. ఎందుకంటే రేపు మన పార్సిలు వాళ్లే మోయాలి.

పిన్ని మాత్రం సబ్బులూ పౌడరూ ఇచ్చి ఊరుకోలేదు. నెల ముందే నన్ను పిలిచి గదిలో నిలబెట్టింది. ఆమె కూతురూ నేనూ ఒకే వానాకాలం పిల్లలం. రోలాలో కొన్న గుడ్డ, లేత ఆకుపచ్చ, వెలుగు పడితే నీలంగా మెరిసేది. మెడ చుట్టూ తెల్ల లేసు. మిషను లేదు, అంతా చేతికుట్టే. పనుల నుంచి వచ్చాక రోజూ సాయంత్రం నా ముందు మోకాళ్ల మీద కూర్చుని గుండుసూదులు గుచ్చేది. నేను చేతులు చాపి నిలబడేదాన్ని. ఆమె దగ్గర డెట్టాలు, కొబ్బరినూనె కలిసిన వాసన వచ్చేది. ఒకరోజు నడుము కొలత చూస్తూ చూస్తూ నా పొట్టకి చెంప ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. నాకు చక్కిలిగింతలు పెట్టి నవ్వొచ్చింది. నవ్వితే మానేస్తుందేమోనని నవ్వలేదు.

చివరిరోజు గౌను తొడిగి, వెనక్కి జరిగి చూసింది. అంచు నా మోకాలి కింద రెండు వేళ్ల దగ్గర ఆగింది. ఆ చోట తన రెండు వేళ్లు ఆనించి, నా కళ్లల్లోకి చూస్తూ చెప్పింది.

“ఇదిగో, ఇది గుర్తెట్టుకో. మా మరిది ఉత్తరాలు రాయిత్తాడు. పిల్ల బాగుంది, పిల్ల బాగుంది. నాకా సదువు రాదు. ఫోటో అడిగితే మొహం ఒక్కటే తీయించి పంపాడు. పక్కన ఎవరూ లేకపోతే ఎంతుందో ఏం తెలుత్తది? ఈ గౌను దానికి నీ ముందే తొడిగించు. మోకాలి కింద రెండు వేళ్ల దగ్గరికొస్తే నీ అంత ఉందన్నమాట. అంతకంటే కిందికి జారిందంటే పిల్లకి తిండి పెట్టట్లేదన్నమాట. ఎక్కడిదాకా వచ్చిందో సూసి, వచ్చి నాకు సెప్పాలి.”

“అమ్మ చెప్తుందిగా” అన్నాను.

“మీ అమ్మ సెప్పదు. పెద్దోళ్లు ఓదారుత్తారే. నువ్వైతే సూసింది సూసినట్టు సెప్తావు.”

మేము తిరిగొచ్చే నెలలోనే ఆమె వీసా అయిపోతుంది. ఇంకో రెండేళ్లా, ఖలాస్ చేసుకుని పోతావా అని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అడుగుతాడు. పిల్ల బాగుంటే ఉంటుంది, బాగాలేకపోతే సంచీ తీసుకుని వెళ్లిపోతుంది. ఆ మాట వాకిట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలీక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

అమ్మమ్మ ఊళ్లో దిగిన వారానికి, అమ్మ పక్కింటికి వెళ్లినప్పుడు, పార్సిల్ విప్పి ఆ గౌను తీశాను. నెలరోజులు నా ఒంటి మీద పెరిగిన గౌను, ఒక్కసారి వేసుకుంటే ఏమైంది అనుకున్నాను. మామయ్య పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూశారు. దుబాయ్ గౌను అన్నారు. షార్జా అని నేను సరిదిద్దలేదు. వాళ్ల ముందు తిరుగుతూ తిరుగుతూ నేరేడు చెట్టు కిందికి వెళ్లాను. పిల్లలు కొమ్మ ఊపారు. పళ్లు రాలాయి. ఒడి పట్టాను.

నేరేడు మరక ఎలాంటిదో మీకు తెలుసు. కొట్టం వెనక బావి దగ్గర సబ్బుతో రుద్దాను, నిమ్మకాయ రుద్దాను, ఇసుక కూడా రుద్దాను. ఊదారంగు ఇంకా వెడల్పైంది, లేసు ఊడొచ్చింది. చివరికి గడ్డివాములోకి చెయ్యి పట్టినంత లోపలికి ఆ గౌనుని దోపేశాను.

పిన్ని వాళ్ల ఊరు వెళ్లే రోజు అమ్మ పార్సిల్ సర్దుతూ గౌను కోసం ఇల్లంతా తిరగేసింది.

“ఏమే, గౌనెక్కడే?”

“షార్జాలోనే మర్చిపోయుంటావమ్మా. మన మంచం మీద ఉండటం చూశాను నేను.”

ఎంత బాగా అన్నానో! అమ్మ నెత్తి కొట్టుకుంది. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తామని దార్లో బజారులో బస్సు దిగి గులాబీరంగు రెడీమేడ్ గౌను కొంది. అది కూడా నా మీద పెట్టి చూసే కొంది. మోకాలి కింద రెండు వేళ్లు.

ఆ ఇంటి ముందు రొయ్యల చెరువులు, ఒకటే నీచు వాసన. మరిది భార్య మంచం వాల్చి కూర్చోబెట్టి, పెరట్లోకి కేకేసింది. ముంజేతుల దాకా బూడిద అంటించుకుని, అంట్లు తోముతున్న పిల్ల వచ్చి నిలబడింది. నేను ఎవరో చిన్నపిల్ల అనుకుని, పిన్ని కూతురు కోసం ఇంకా గుమ్మం వైపు చూస్తున్నాను. ఆ పిల్లే ఈ పిల్ల. తల నా భుజం దగ్గరికి వచ్చింది. జుట్టు ఎర్రబడి పీచులా ఉంది.

గౌను తొడిగారు. భుజాలు జారిపోయాయి, అంచు పాదాల మీద పడింది.

“ఎదిగే పిల్ల కదండీ, నాలుగేళ్లు తొడుక్కుంటది” అని మరిది భార్య నవ్వింది. నేనూ నవ్వాను. గట్టిగా నవ్వాను. మేము నవ్వడం చూసి ఆ పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు ఒక్కటి గుర్తు రాకుండా ఉంటే చాలని ఎన్నోసార్లు అనుకున్నాను.

తర్వాత ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. చుట్టూ చూసి మెల్లగా అడిగింది.

“నువ్వు మాయమ్మని సూసేవా?”

“రోజూ చూస్తాను.”

“ఎంత పొడుగుంటది?”

నేను తల పైకి చెయ్యెత్తి చూపించాను. అది చాలలేదు. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చి గోడ మీద గీత పెట్టమంది. మునివేళ్ల మీద లేచి నా ఇష్టమొచ్చిన చోట ఒక గీత పెట్టాను. ఆ పిల్ల పాదాల మీద పడుతున్న గౌను పైకెత్తి పట్టుకుని, గోడకి వీపానించి గీత కింద నిలబడింది. తన తల మీద అరచెయ్యి పెట్టుకుని, అక్కణ్ణించి గీత దాకా ఎంత ఖాళీ ఉందో తల తిప్పి చూసుకుంది. “శానా పొడుగు” అంది సంతోషంగా.

తిరుగు బస్సులో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “నీలో సగం లేదే పిల్ల” అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, “అక్కడికెళ్లాక నువ్వేం వాగకు. అంత దూరంలో ఉన్న మనిషి, తెలిస్తే గుండాగి చస్తది. నేనే వీలు చూసి మెల్లగా చెప్తాను” అంది. పిన్ని చెప్పినట్టే జరిగింది. పెద్దవాళ్లు ఓదారుస్తారు.

షార్జాలో దిగేసరికి శుక్రవారం. కరీంనగర్ తాత ఎవరికో జుట్టు కత్తిరిస్తున్నాడు. మేమింకా పెట్టెలు దించనైనా లేదు, పిన్ని సబ్బు నురగ చేతుల్తోనే వచ్చేసింది. అమ్మ వంటింట్లోకి తప్పుకుంది. పిన్ని అమ్మ వైపు చూడనే లేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“ఎక్కడిదాకా వచ్చిందే?”

నిజం చెబితే పిన్ని అమ్మని కూడా పిలిచి ఆరా తీస్తుంది, ఏ గౌను అంటుంది. గులాబీది అనాలి. ఆకుపచ్చది ఏమైంది అంటుంది. గడ్డివాము, నేరేడు మరక, దుబాయ్ గౌను అని తిరిగిన సంగతి అంతా బయటపడుతుంది. నా బుర్రలో ఆ క్షణాన ఉన్నది ఇదే. ఆ పిల్ల బూడిద చేతులు కాదు, గోడ మీద బొగ్గు గీత కాదు. నేను వంగి నా మోకాలి కింద రెండు వేళ్లు పెట్టాను.

“ఇక్కడిదాకా, పిన్నీ. సరిగ్గా.”

పిన్ని తడి చెయ్యి తెచ్చి ఆ చోట పెట్టింది. “నీ అంత అయిపోయిందా?” అంది.

“నా అంతే ఉంది.”

తాత కత్తెర ఆపాడు. “నిజంగనే తొడిగి చూసినవా బిడ్డా?” అన్నాడు.

“ఒట్టు తాతా” అన్నాను. అమ్మ మీద ఒట్టేశాను.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అమ్మ బయటికి రాలేదు. వీలు చూసి చెప్తానన్న అమ్మకి ఆ తర్వాత వీలు ఎప్పుడూ దొరకలేదు. గౌను మరిది ఇంటికి చేరలేదన్న సంగతి కూడా అమ్మ ఎత్తలేదు. పిన్ని ఇచ్చిన వస్తువు పోగొట్టానని చెప్పుకోలేకపోయి ఉంటుంది. అమ్మ నోరు మూసుకున్నది సగం జాలితో, సగం మొహమాటంతో. నేను అబద్ధమాడింది మాత్రం మరక కోసం. మా ఇద్దరినీ ఒక్క గాటన కట్టలేను.

ఆ సాయంత్రం పిన్ని బూరెలు వండి వీధి వీధంతా పంచింది. రొట్టెల పఠానుకి కూడా ఇచ్చి, “బేటీ బడీ హోగయీ” అని వచ్చీరాని హిందీలో చెప్పింది. నాకు నాలుగు బూరెలు పెట్టింది. నేను నాలుగూ తిన్నాను. వారం తిరక్కుండా వీసాకి రెండేళ్లు పొడిగింపు వేయించుకుంది.

తర్వాత ఆమెకి సముద్రం పక్కనున్న ఖోర్ ఫక్కాన్‌లో ఒక ఇంట్లో పని దొరికింది. నెలకోసారి బస్సులో వచ్చి, మాకు చేపలు తెచ్చేది. రస్కుల సంచీ అక్కడికీ తీసుకెళ్లింది. రెండేళ్లూ నిండి, ఇక ఊరెళ్లిపోతానన్నప్పుడు మళ్లీ మా గదికి వచ్చింది. ఎర్ర గుడ్డ, తెల్ల చుక్కలు. ఈసారి తన చేత్తోనే కూతురికి తొడుగుతుందట.

“రావే, నిలబడు” అంది.

నాకు పదకొండేళ్లు. అప్పటికి నాకు అన్నీ తెలుసు. చేతులు చాపి నిలబడ్డాను. ఆమె నా చుట్టూ తిరుగుతూ గుండుసూదులు గుచ్చుతోంది. నేను బాగా పొడుగయ్యానని, అంటే అదీ పొడుగై ఉంటుందని, ఒకటే సంబరపడుతోంది.

“పిన్నీ...” అన్నాను.

“ఊఁ? గుచ్చుకుందా?”

“లేదు” అన్నాను.

అదొక్క క్షణం నాకు మళ్లీ దొరికింది, దాన్నీ పోగొట్టుకున్నాను. తొమ్మిదేళ్లప్పటి అబద్ధానికి చిన్నతనమని పేరు పెట్టుకోవచ్చునేమో. ఆ “లేదు” అన్న మాటకి ఏ పేరూ దొరకలేదు.

ఊరి నుంచి వచ్చినవాళ్ల ద్వారా మిగతాది తెలిసింది. మేము చూసొచ్చిన ఆ వానాకాలమే పిల్లని బడి మాన్పించి, చెరువుల దగ్గర రొయ్యల మేత మోయించారట. పిన్ని ఆ ఏడే వెళ్లి ఉంటే పిల్ల బడి మానేది కాదు. రెండేళ్ల తర్వాత వెళ్లేసరికి పిల్ల అక్షరాలు కూడా మర్చిపోయిందట. ఎర్ర గౌను తొడిగితే నేల మీద జీరాడిందట. పిన్ని ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదట. మరిది అరుగు మీదే కూర్చుని, పిల్లని ఎదురుగా నిలబెట్టి, గౌను కత్తిరించి, వీధంతా చూస్తుండగా అక్కడే మళ్లీ కుట్టి, తొడిగి, చెయ్యి పట్టుకుని ఆ ఇంట్లోంచి తీసుకెళ్లిపోయిందట.

మరుసటి ఏడు ఎవరో వస్తుంటే వాళ్లతో అమ్మకి ఆవకాయ జాడీ పంపింది. ఉత్తరం లేదు, ఆమెకి రాయడం రాదు కదా. జాడీ మూతికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది, తెల్ల చుక్కలది. విప్పితే రెండు జానల వెడల్పు. గౌను కింది అంచు, నా కొలతకీ ఆ పిల్ల కొలతకీ మధ్య మిగిలిన గుడ్డ.

“పాపం, కొత్త గుడ్డే కట్టింది” అంది అమ్మ. ఉతికి వంటింట్లో మసిగుడ్డ చేసింది. పిన్ని కావాలనే పంపిందో, చేతికి దొరికిందని కట్టిందో నాకు తెలియదు. నాకోసమే పంపిందనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. ఆ ఆవకాయ నేను ముట్టుకోలేదు. కారమన్నాను.

ఆ తర్వాత వీధి చెదిరిపోయింది. తాత ఊరెళ్లిపోయాడు. పఠాను పొయ్యి మూసేశాడు. విల్లాలు కూలగొట్టారు. కువైట్ పిన్ని పోయి ఆరేళ్లయిందని అమ్మ ఆ మధ్య ఫోనులో చెప్పింది. కూతురికి పెళ్లై పిల్లలున్నారట, వేలిముద్రే వేస్తుందట.

నిన్న సాయంత్రం పనమ్మాయి వచ్చింది, ఈసారి కాస్త భయంగా. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, “ముందు మీ ఇంటికి వీడియో కలుపు. అక్కడ టేపు ఉందా?” అని అడిగాను. ఉంది. అవతల వాళ్లమ్మ, మనవరాలిని గోడకి నిలబెట్టి, భుజం మీంచి మోకాలి దాకా టేపు పట్టింది. పాప గడ్డం పైకెత్తి నిలబడింది.

“ఇరవై అయిదు” అంది ముసలావిడ.

అదే కొలత మా అమ్మాయికి ఇరవై తొమ్మిది వచ్చింది. పనమ్మాయి తన టేపు మీద ఇరవై అయిదుకీ ఇరవై తొమ్మిదికీ మధ్య నాలుగంగుళాలు వేళ్లతో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

“అమ్మా, పాపకేటయ్యింది?” అంది ఫోనులోకి.

ముసలావిడ టేపు చుట్టేసింది. “ఏం లేదే. రెండేళ్ల కిందట జొరమొచ్చింది. ఆస్పత్రిలో పెట్టాం. నువ్వు కంగారుపడతావని సెప్పలేదు. అప్పట్నించీ సరిగా తినట్లేదు.”

పనమ్మాయి ఏడ్చింది, వాళ్లమ్మని కేకలేసింది, డాక్టరు పేరు అడిగింది, వచ్చే నెల సెలవు పెట్టి వస్తానంది. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగింది.

“టేపెట్టి చూడాలని మీకెలా తట్టిందమ్మగారూ?”

మా అమ్మాయి పక్కనే ఉంది. లోపలికి పంపేద్దామనుకున్నాను. పంపలేదు. ఆకుపచ్చ గౌను దగ్గర్నించి ఎర్ర మసిగుడ్డ దాకా అంతా చెప్పాను. మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి. బూరెలు నాలుగూ తిన్నానని కూడా చెప్పాను.

“మీరప్పుడు చిన్నపిల్ల కదండీ. పిల్లలకేం తెలుత్తదండి” అంది పనమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

ఎంతో కాలంగా ఎవరైనా అలా అంటే బాగుండుననుకున్నాను. తీరా అన్నాక ఆ మాట నాకు పట్టలేదు. పిన్ని నన్ను ఎంచుకున్నదే ఓదార్చననే నమ్మకంతో.

మా అమ్మాయి లేచి వచ్చి నా ముందు నిలబడింది.

“అయితే ఆ పింక్ గౌను ఆ అమ్మాయికి ఎక్కడిదాకా వచ్చిందమ్మా?”

నేను కుర్చీలోంచి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, దాని పాదం మీద రెండు వేళ్లు పెట్టాను.

“ఇక్కడిదాకా” అన్నాను.